మంచం పట్టిన ముసలమ్మకి నోటీసు వస్తే



పింఛను ఎవరి దయా కాదు. ముసలితనంలో, రోగంలో, అవిటితనంలో మనిషిని ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణంలో రాసుంది. కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేం, అదీ దాని లోటు. అందుకే సంఘం కావాలి.

ఆంధ్రాలో 2024 జులై 1 నుంచి వృద్ధుల పింఛను 3,000 నుంచి 4,000 అయింది. వికలాంగులది 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో అంటుకుపోయినవాళ్లకి 5,000 కాస్తా 15,000. ఈ 15,000 ఎందుకు? అత్తకి ఒళ్లు తుడిచి, మలమూత్రాలు ఎత్తే కోడలు కూలికి పోలేదు. ఆ పోయిన కూలి ఎవరు లెక్కగట్టారు? కలిగినోళ్లు నర్సుని పెట్టుకుంటారు. మన గూడెంలో నర్సూ కోడలే, ఆయా కోడలే.

2025లో డాక్టర్లు మళ్లీ పరీక్షలు చేశారు. ఆగస్టులో చాలామందికి నోటీసులొచ్చాయి. వైకల్యం 40 శాతం లోపని రాస్తే వికలాంగుల పింఛను పోతుంది. 60 దాటినవాళ్లని 4,000కి మారుస్తారు. దొంగ సర్టిఫికెట్లు ఏరెయ్యండి, కాదనం. మంచంలో ఉన్న మనిషిని కూడా అదే జల్లెడలో వేస్తే ఊరుకోం.

నోటీసొస్తే వేలిముద్ర వేసి చూరులో దోపకండి. చదివించుకోండి. పాత సర్టిఫికెట్టు, ఆసుపత్రి చీటీలు జెరాక్సు తీయించి ఎంపీడీఓ ఆఫీసులో అప్పీలు పెట్టండి. రసీదు అడగండి, ఇచ్చేదాకా కదలొద్దు. కార్యకర్తలూ, ఎవరింట్లో ఎవరు మంచాన ఉన్నారో, ఎవరికి ఎంతొస్తుందో పుస్తకంలో రాయాలి. రేపు పొద్దున్నే, కూలికి పోకముందే, చివరి వీధి నుంచి మొదలెడదాం.