పాత బండికి మారు ఇంజను

బావిగట్టున ఆయిలు ఇంజను అరిగిపోయినపుడు దానినే బాగుచేయించుటయా, మరియొకటి తెచ్చుటయా, తెచ్చినచో ఎంత శక్తిగలది తేవలెను అను చర్చ మీ రచ్చబండ చెంత పలుమారులు జరిగియుండును. ఇంగ్లండు దేశమున 30 సంవత్సరములు కాపురముండి వచ్చిన నాకును అట్టి చర్చయే యొకటి తటస్థించినది. అయితే నాది బావి ఇంజను గాదు. ఇల్లు వంటి మోటారుబండి.

ఆ బండిని అచ్చట క్యాంపర్ వ్యాను అందురు. చూచుటకు చిన్న బస్సువలె నుండును. లోపల పడక, పొయ్యి, నీళ్లతొట్టి, బీరువా అమర్చియుండును. మనవారు పూర్వము గూడుబండి కట్టుకొని, బియ్యము, వంటపాత్రలు వేసికొని తీర్థయాత్రకు బయలుదేరినట్లు, అచ్చటివారు దీనిలో కుటుంబముతో బయలుదేరుదురు. నా బండి జర్మనీ దేశపు వోక్స్‌వ్యాగన్ వారు 1979లో వెలువరించిన మూడవ తరపు బండ్లలోనిది. దాని ఇంజను వెనుకభాగమున, సామానులుంచు పలకక్రింద నుండును. ఈ తరపు పెట్రోలు ఇంజనులు మొదట గాలితో చల్లబడునవి. 1982 చివర నుండి నీటితో చల్లబడు 1.9 లీటర్ల ఇంజను వచ్చినది. నా బండిలోనిది ఆ రకమే. దాని బలము 78 అశ్వశక్తులు.

నీటితో చల్లబడును అను మాటను నేను తప్పుగా గ్రహించితిని. అందు పోయవలసినది వట్టినీరు గాదు. చలికి గడ్డకట్టకుండను, లోపలి అల్యూమినియము తినిపోకుండను కాపాడు ద్రవమును నీటితో కలిపి పోయవలెను; దానిని రెండేండ్ల కొకమారు మార్చవలెను. నేను కొద్ది ఖర్చునకు వెనుదీసి, తగ్గినపుడెల్ల కొళాయినీరు పోయుచు వచ్చితిని. రబ్బరు బందు కూర్చుండు చోట లోహము క్రమముగా తినిపోయినది. ఒక వేసవియందు వేల్సు దేశమున స్నోడను పర్వతప్రాంతపు కనుమ నెక్కుచుండగా వెనుకనుండి ఆవిరి పొగలుగ్రమ్మినది. బండి నిలిచిపోయినది. దోషము యంత్రముది గాదు, నాది.

నా భార్య దారిప్రక్క రాతిపై కూర్చుండి, "ఇది బాగుపడుటకు మన ఊరి ప్రయాణపు సొమ్ము పోవునా?" అని మాత్ర మడిగెను. ఆ సంక్రాంతికి స్వగ్రామమునకు పోయి, ముసలిదైన మా తల్లిని చూడవలెనని సొమ్ము దాచియుంటిమి. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఇల్లు చేరినపిదప సలహాలకు కొదువ లేదు. మా అబ్బాయి, "నాన్నగారూ, జపాను దేశపు సుబారు ఇంజను వేయింతము. 2.2 లీటర్లది, సుమారు 130 అశ్వశక్తులు. మన దానివలెనే అడ్డముగా పరుండియుండును గనుక ఇముడును" అనెను. పొరుగువాడు, "డీసెలు ఇంజను వేయింపుము. 1.9 లీటర్లది, 90 అశ్వశక్తులు; చమురు కలిసివచ్చును" అనెను. ఇద్దరును అబద్ధమాడలేదు. అట్టి మార్పులు చేయించుకొని సుఖముగా తిరుగువా రెందరో కలరు.

మేము పోయిన మేస్త్రీ వృద్ధుడు. అతడు అశ్వశక్తుల ఊసెత్తలేదు. మూడు ప్రశ్న లడిగెను: ఎంత బరువుతో పోవుదురు? ఏ దారుల పోవుదురు? దూరదేశమున ఆగిపోయినచో ఎవరు బాగుచేయగలరు?

పిమ్మట ఒక్కొక్క ఇంజను ఏమేమి కోరునో వివరించెను. సుబారు ఇంజను అడుగున నూనెతొట్టి లోతుగా నుండును. నేలకు తగులకుండ దానిని కోసి కురచచేయవలెను. దాని తీగెలకట్టయు, దానిని నడుపు విద్యుత్పేటికయు వెంట తేవలెను. రేడియేటరు బండి ముందు, ఇంజను వెనుక గనుక, నీటిగొట్టముల కలయికను మార్చవలెను. డీసెలు ఇంజను సిలిండర్లు ఒకే వరుసలో నిలిచియుండును. పలకక్రింద ఇముడుటకు దానిని 50 డిగ్రీలు ఒరగద్రోయవలెను. దాని లాగుడుబలము అధికము. పాత గేరుపెట్టె అందుకు తగినదో కాదో చూడవలెను. ఏది వేసినను వేగము పెరుగును. వేగము పెరిగినచో బ్రేకులును అంతటివి కావలెను. వాహనశాఖకును, బీమా కంపెనీకిని ఈ మార్పు తెలుపవలెను.

"ఇంజను వెల యొకటి, దానిని ఇముడ్చు వెల మరియొకటి. జనులు మొదటిదే అడుగుదురు" అని అతడు ముగించెను.

మా బరువు ఇద్దరు మనుష్యులు, పడక, వంటసామాను. మా దారులు పల్లెదారులు. తొందర లేదు. యంత్రవిద్య నాకు రాదు. కనుక పాత ఇంజనునే విప్పించి, తినిపోయిన తలభాగములు క్రొత్తవి వేయించి, బందులన్నియు మార్పించితిని. మా అబ్బాయి కొంత చిన్నబుచ్చుకొనెను. చేతనున్న సొమ్ములో కొంత పెట్టి, పాతబడిన బ్రేకుగొట్టములను, నీటిగొట్టములను గూడ మార్పించితిని. ఇక కొళాయినీరు పోయలేదు.

మరుసటి నెలలో ఆ కనుమనే మరల ఎక్కితిమి. వెనుకవచ్చిన బండ్లన్నియు మమ్ము దాటిపోయినవి. మేము మాత్రము ఆగలేదు. సంక్రాంతికి మా తల్లిని చూచితిమి.

పెద్దలారా, కోడెగిత్త బలమైనదే. అరిగిన ఇరుసుగల బండికి దానిని కట్టుటకు ముందు మీరు ఇరుసును చూతురు. బావికి ఆయిలు ఇంజను గాని, కరెంటు మోటారు గాని కొనునపుడును అట్లే చేయుడు. నీరెంత లోతున నున్నది, గొట్టము లావెంత, ఎన్ని ఎకరములు తడుపవలెను, చెడినచో ఏ ఊరినుండి మేస్త్రీ రావలెను అని ముందు వ్రాసికొనుడు. అశ్వశక్తుల లెక్క ఆ పిమ్మట అడుగవచ్చును. ఉన్నదానికి నేను చేసిన అపచారము మీరు చేయకుందురుగాక.