ఆహార సహాయం – ఆంక్షల ప్రశ్న

(సమాఖ్య కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి చర్చనీయాంశం చూడగానే కొందరికి వింతగా తోచి ఉండవచ్చును. అమెరికాలో పేదలకిచ్చే ఆహార సహాయంతో శీతల పానీయాలు, మిఠాయిలు కొనరాదని కొన్ని రాష్ట్రాలు నిషేధించినంత మాత్రాన గుంతకల్లు గ్యాంగ్‌మన్‌కు, బెజవాడ సార్టరుకు దానితో పనియేమి? పని ఉన్నదనే మా అభిప్రాయం. అయితే ముందుగా అక్కడ జరిగినదేమిటో కొంత వివరంగా తెలుసుకొనవలసి ఉన్నది.

1939 మే నెలలో న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టరు నగరంలో తొలిసారిగా ఆహార స్టాంపులు అమలులోకి వచ్చినవి. ఒక డాలరు పెట్టి నారింజరంగు స్టాంపులు కొన్నవారికి అర డాలరు విలువగల నీలిరంగు స్టాంపులు ఉచితంగా లభించేవి. నారింజ స్టాంపులతో ఇష్టమైన ఆహారం కొనుక్కోవచ్చును. నీలి స్టాంపులతో మాత్రం ప్రభుత్వం మిగులు సరుకుగా ప్రకటించిన వాటినే కొనాలి. అనగా మొదటి ఆంక్ష పేదవాని ఆరోగ్యం కోసం పుట్టినది కాదు, అమ్ముడుపోని పంట కోసం పుట్టినది. 1943లో ఆగిపోయిన ఆ ఏర్పాటు 1964లో చట్టరూపం ధరించి తిరిగి వచ్చినది. శీతల పానీయాలను మినహాయించాలని సెనేటరు పాల్ డగ్లస్ నాడే వాదించారు. ఆ వాదం నెగ్గలేదు. 2004లో మిన్నెసోటా రాష్ట్రం, 2010లో న్యూయార్కు నగరం అదే కోరిక కోరగా కేంద్ర వ్యవసాయ శాఖ నిరాకరించినది. చివరకు 2025 మే నెలలో నెబ్రాస్కాకు తొలి అనుమతి దక్కినది. ఆ సంవత్సరం ముగిసేసరికి 18 రాష్ట్రాలు అనుమతి పొందగా, 2026 జనవరి 1 నుండి అయిదు రాష్ట్రాలలో నిషేధం అమలుకు వచ్చినది. 2025లో ఈ సహాయం మీద ఆధారపడినవారు సుమారు 4 కోట్ల 20 లక్షల మంది. తలకు రోజుకు దక్కేది దాదాపు ఆరు డాలర్లు.

నిషేధాన్ని కోరేవారి వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. చక్కెర నీళ్ళలో పోషణ లేదు, పన్ను చెల్లించేవాని సొమ్ముతో జబ్బును కొని తేవడమెందుకు, అని వారడుగుతున్నారు. రాత్రి డ్యూటీలు చేసి, నిద్ర ఆపుకొనుటకు తియ్యని టీ మీద టీ త్రాగి, నలభై దాటకుండానే చక్కెర వ్యాధి తెచ్చుకొన్న సోదరులు మన సభ్యులలోనే ఎందరో ఉన్నారు. కనుక ఈ మాట మనకు గుచ్చుకొనక మానదు. మరొకటి కూడా దాచకుండా చెప్పాలి. ఈ నిషేధాన్ని వ్యతిరేకించేవారి పంక్తిలో పేదల సంఘాలతోపాటు శీతల పానీయాల కంపెనీలు కూడా కూర్చున్నవి. ఆ పంక్తి మాకు ఇంపుగా లేదు. అయినను కంపెనీ ఎటు ఉన్నదో చూసి మనం ఎటు ఉండాలో నిర్ణయించుకొనలేము.

వాస్తవాలు చూడండి. 2016లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించిన పరిశీలనలో, సహాయం పొందే కుటుంబాలు, పొందని కుటుంబాలు కొనే సరుకులు దాదాపు ఒకే రీతిగా ఉన్నట్లు తేలినది. శీతల పానీయాలకు పేదలు నూటికి అయిదు పైచిలుకు ఖర్చు చేస్తే తక్కినవారు నాలుగు ఖర్చు చేశారు. దురలవాటు ఉన్నమాట నిజమే. అది దేశమంతటిదీ. నిషేధం మాత్రం ఒక వర్గానికే.

ఇక కౌంటరు సంగతి. టికెట్ల కిటికీ వెనుకా, మనియార్డరు కిటికీ వెనుకా కూర్చున్నవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. పైన ఎవరో వ్రాసిన నిబంధనకు క్రింద తిట్లు తినేది కిటికీలో ఉన్నవాడే. అయోవా రాష్ట్రంలో అమ్మకపు పన్ను పడే తినుబండారాలన్నిటినీ నిషేధించారు. ఆ పన్ను నిబంధన ప్రకారం పిండి కలిసిన చాక్లెట్టు మిఠాయి లెక్కలోకి రాదు. కనుక లోపల బిస్కెట్టు పొర ఉన్న చాక్లెట్టుకు అనుమతి ఉన్నది, ఉత్త చాక్లెట్టుకు లేదు! పాతకాలం నుండి ఉన్న మరొక నియమం ప్రకారం దుకాణంలో వేడివేడిగా అమ్మే కాల్చిన కోడిని ఈ సహాయంతో కొనరాదు, చల్లారినదైతే కొనవచ్చును. రోజంతా కష్టపడి పొద్దుపోయి ఇల్లు చేరే తల్లికి ఇందులో ఏది ఆరోగ్యమో ఆ నియమం వ్రాసినవారే చెప్పాలి.

ఇప్పుడు మనకు సంబంధించిన అసలు విషయానికి వస్తున్నాము. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ, డాక్టర్ ఆక్రాయిడ్ సూత్రాన్ని అనుసరించి, కనీస వేతనం ముగ్గురు మనుషుల తిండి లెక్కన కట్టాలని నిర్ణయించినది. మన 7వ వేతన సంఘం 18,000 రూపాయల కనీస వేతనాన్ని ఆ లెక్కతోనే తేల్చినది. మనిషికి రోజుకు బియ్యమో గోధుమలో 475 గ్రాములు, పప్పు 80 గ్రాములు, పండ్లు 120 గ్రాములు, పాలు 200 మిల్లీలీటర్లు, చక్కెర లేక బెల్లం 56 గ్రాములు, ఈ విధంగా జాబితా సాగుతుంది. ఆ జాబితాతో మన సంఘాలకు ఎన్ని తగాదాలున్నా, జీతం చేతికి వచ్చిన రోజున 120 గ్రాముల పండ్లు కొన్నావా అని ఏ అధికారీ అడుగలేదు. వేతనం సరుకుగా కాక నాణెముగానో నోటుగానో ఇవ్వాలని 1936 నాటి వేతన చెల్లింపు చట్టమే చెప్పినది. జాబితా పని ఎంత ఇవ్వాలో తేల్చడం. ఏమి కొనాలో చెప్పడం దాని పని కాదు.

అమెరికాలోనూ సరిగా ఇట్టి జాబితాయే ఉన్నది. పొదుపుతో కూడిన పుష్టికరమైన భోజనానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి దానినిబట్టి సహాయాన్ని నిర్ణయిస్తారు. 2021లో ఆ లెక్కను తిరిగి వేయగా మొత్తం 21 శాతం పెరిగినది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఇకముందు అట్టి పెంపుదలకు దారి మూసినది. పదేండ్లలో సుమారు 18,600 కోట్ల డాలర్ల కోత పడుతుందని వారి పార్లమెంటు బడ్జెట్టు కార్యాలయమే అంచనా వేసినది. పని షరతు 54 ఏండ్ల నుండి 64 ఏండ్ల వరకు పొడిగించబడినది. పేదలకు పోషణ విషయాలు బోధించే కార్యక్రమానికి నిధులు సైతం అదే చట్టంతో ఆగిపోయినవి. ఒక చేత్తో బుట్టను కుదించి, రెండవ చేత్తో బుట్టలోని సీసాను తీసివేసి, ఇది నీ ఆరోగ్యం కోసమే అంటే నమ్మేదెట్లు?

ఆరోగ్యమే ధ్యేయమైతే వేరే దారి ఉన్నది. 2011–12లో మసాచుసెట్స్ రాష్ట్రపు హాంప్డెన్ కౌంటీలో, పండ్లు, కూరగాయల మీద ఖర్చు చేసిన ప్రతి డాలరుకు 30 సెంట్లు తిరిగి ఇచ్చి చూశారు. అట్టివారు తక్కినవారికంటే 26 శాతం అధికంగా పండ్లు, కూరగాయలు తిన్నారు. ఎవరినీ ఏదీ మాన్పించలేదు. మిన్నెసోటాలో 2016లో వెలువడిన ఒక ప్రయోగంలో ప్రోత్సాహం, నిషేధం రెండూ కలిపినప్పుడు భోజనం మెరుగుపడినదన్న మాటా నిజమే. కాని అక్కడ కూడా అదనపు సొమ్ము ఇచ్చారు. నేటి రాష్ట్రాలు నిషేధాన్ని పట్టుకొని సొమ్మును విడిచివేసినవి.

తపాలా సోదరులకు ఒక ముచ్చట. 1993 నుండి అమెరికా పోస్ట్‌మ్యాన్‌ల సంఘం ఏటా మే నెల రెండవ శనివారంనాడు దేశమంతటా ఆహార సేకరణ జరుపుతున్నది. జనం ఉత్తరాల పెట్టెల వద్ద ఉంచిన డబ్బాలు, పొట్లాలు పోస్ట్‌మ్యాన్‌లు బట్వాడా చేస్తూనే ప్రోగుచేసి స్థానిక ఆహార నిధులకు చేరుస్తారు. సంచి మోసే భుజానికి మరొక సంచి. ఆకలిగొన్నవాని గుమ్మం ఎట్లుంటుందో వారికి మనవలెనే తెలుసును.

మన దేశానికి వస్తే ప్రశ్న తలక్రిందులవుతుంది. ఇక్కడ పేదవానికి ఎన్నుకొనే అవకాశమే లేదు. 2013 ఆహార భద్రతా చట్టం క్రింద సాధారణ కార్డుదారునికి తలకు నెలకు 5 కిలోల ధాన్యం; 2023 జనవరి నుండి అది ఉచితం. కడుపు నిండడం చిన్న విషయం కాదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు తెలుగునాట ఎన్ని పొయ్యిలు వెలిగినవో చూసినవారు నేటికీ మన మధ్య ఉన్నారు. అయితే ఆ చట్టం ఇచ్చే హక్కులో పప్పు లేదు, నూనె లేదు. పేదలు రేషన్ బియ్యం అమ్ముకుంటున్నారని నిందించినవారే గాని, వండితే ఇంట్లోవారు తినగలిగే బియ్యమేనా అని అడిగినవారు తక్కువ. 2025 ఉగాది నాటికి తెలంగాణ రాష్ట్రం దొడ్డుబియ్యం మాని తలకు 6 కిలోల సన్నబియ్యం ఇవ్వనారంభించినది. కాపలా పెట్టుటకు బదులు గింజను మార్చారు. ఇది మాకు సరియైన మార్గంగా తోచుచున్నది.

2025 నవంబరులో ఏర్పడిన 8వ వేతన సంఘం ముందుకు మనం తిరిగి ఆ జాబితాతోనే వెళ్ళవలసి ఉన్నది. గ్రామీణ డాక్ సేవకులైన మన సోదరులు వేతన సంఘం పరిధిలోనే లేరు. వారికి ఆ జాబితా కూడా లేదు. కావున ప్రతి శాఖవారు తమ కాలనీ సంతలో పప్పు, పాలు, పండ్లు, నూనె ఏ ధరకు అమ్ముడవుతున్నవో, తమ ప్రాంతపు రేషన్ దుకాణంలో బియ్యంగాక మరేమి ఇస్తున్నారో ఒక నెలపాటు వారంవారం వ్రాసి, ఆ పట్టికలను సమాఖ్య కార్యాలయానికి పంపవలసినదిగా కోరుచున్నాము. గ్రామీణ డాక్ సేవకులు పనిచేసే ఊళ్ళ ధరలు వేరుగా వ్రాయండి.