విడువవలసిన వేళ

వానలు తక్కువగా కురియు సీమలలో బోరు వేయించు రైతు కష్టము మీలో పలువు రెఱిగినదే. మూడువందల యడుగులు దిగినను చెమ్మ కానరాదు. యంత్రము చేనిలో నిలిచియున్నది. డబ్బు అప్పటికే వ్యయమైనది. “ఇంతదూరము వచ్చితిమి, మఱియొక యేబది యడుగులు చూతము” అని అతడనును. లోతు పెరిగినకొలది అడుగునకిచ్చు కూలియు పెరుగును. ఆ యేబదియు ఎండిపోయిన పిదప మఱియొక యేబది. తుదకు యంత్రమాగునది నీరు పడదని తెలిసి కాదు, అప్పు పుట్టక. బోరు వేయించుట ఆ రైతు తప్పు కాదు. ఎక్కడ ఆపవలయునో ముందుగా అనుకొనకపోవుటయే తప్పు.

ఇట్టి బోరులు నేడు మన యిండ్లలోను వేయబడుచున్నవి. వానికి చేను అక్కఱలేదు, చేతిఫోను చాలును. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వ్యాపించి అంగళ్లు మూతపడినపుడు, ఇంటనుండి ఆన్‌లైనులో సరకులమ్ము అలవాటు పల్లెలకును ప్రాకినది. ఒకరు పూతరేకులు, ఒకరు నేతచీరలు, ఒకరు ఊఱగాయలు అమ్మసాగిరి. వానిలో కొన్ని చక్కగా నిలిచి ఇంటికి అండయైనవి. కొన్ని ఆఱునెలలలోనే మూతపడినవి. మఱికొన్ని బ్రతుకవు, చావవు. ఏటేట కొంత డబ్బును, దినదినము కొంత ప్రాణమును తినుచుండును. నేడు నేను ముచ్చటింపదలచినది ఈ మూడవ తెగను గుఱించియే.

ఆ వ్యాపారములు పిన్నలవిగదా, పెద్దలకీ ప్రసంగమేల యని మీరడుగవచ్చును. మొదలుపెట్టుట పిన్నల చేతిలోనున్నను, మానుట తఱచు పెద్దల నోటిలోనుండును. ఇది నేను నా తప్పువలన నేర్చుకొన్న మాట. ఆ కథయే మీకు చెప్పెదను.

నా తమ్ముని కోడలు చదువుకొన్నది, పనివంతురాలు. మాది గోదావరి ప్రాంతము. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయకు కొదువ లేదు. ఆమె కలిపిన ఆవకాయ ఏడాది గడచినను ముక్క మెత్తబడదు. 2021 వేసవిలో ఆమెయు, ఆమె అత్తగారును కలిసి ఊఱగాయలు ఆన్‌లైనులో అమ్మ మొదలిడిరి. ఇంటికి ఆధారము వ్యవసాయమే, ఇది తీరిక వేళల పని. పిండికొట్టు యంత్రము, తూకపు యంత్రము, మూతలు బిగించు యంత్రము, వెబ్‌సైటు తయారుచేసినవారి రుసుము అన్నియు కలిపి లక్షా ఇరువదివేల రూపాయలైనవి.

తొలియేడు బంధువులును స్నేహితులును కొనిరి. రెండవయేట మొగమాటపు కొనుగోళ్లు తీఱిపోయినవి. ప్రకటనలకు డబ్బు పెట్టినగాని క్రొత్తవారు రారైరి. 2023 వేసవిలో ఒకనాడు నాకు వడ్డించుచు ఆమె, “పెదమామయ్యగారూ, ఈ ఏటితో మానివేయుదుమా యనుకొనుచున్నాము” అన్నది. నేను బడిపంతులుగా నుండి విరమించినవాడను. పద్యము నాలుకమీదనే యుండును. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితములలో, విఘ్నములకు వెఱచి పని మొదలిడనివారిని, మొదలిడి నడుమ విడుచువారిని, తుదిదాక నిలుచు ధీరులను వర్ణించు పద్యమున్నదిగదా, దానిని రాగముతో చదివితిని. అంతటితో ఊరకుండక, “ఆంధ్రులు ఆరంభశూరులను అపకీర్తి మన యింటికిగూడ తేకుడమ్మా” అంటిని. ఆమె తల వంచుకొని మజ్జిగ పోసి లోనికి పోయెను. మరల ఆ మాట యెత్తలేదు.

2024 సంక్రాంతికి వారింటికి పోగా, ఆమె చేతులకు మట్టిగాజులే యున్నవి. పెండ్లినాటి బంగారు గాజులేవియని నేనడుగగా అత్తగారు చెప్పినది. సీసాలకును ప్రకటనలకును చాలక వానిని తాకట్టు పెట్టిరట! “అప్పుడే మానలేకపోయితివా తల్లీ?” యంటిని. “మానిన మీరేమనుకొందురో యని” అన్నది కోడలు. ఆమె నన్ను నిందింపలేదు. అయినను ఆ తాకట్టు చీటిలో సగము నా వ్రాతయే యని నాకు తోచినది.

మఱునాడు కాగితము తీసికొని ముగ్గురమును కూర్చుంటిమి. అంతవఱకు ఆమె మనస్సులోనుండిన లెక్క యిది. కిలో ఆవకాయ సీసా 450 రూపాయలకు అమ్ముచున్నాము. లోని సరకు వెల, కాయ, కారము, ఆవపిండి, ఉప్పు, పప్పునూనె కలిపి 220. మిగులు 230. నెలకు 40 సీసాలు పోవుచున్నవి, కావున లాభము 9,200 రూపాయలు. లెక్క చక్కగనే యున్నది గాని, డబ్బు పెట్టెలో నిలువకుండెను.

అసలు లెక్క వ్రాసితిమి. సరకు అందినపుడు డబ్బిచ్చు పద్ధతి యుండుటచే, 40 సీసాలు పంపిన 4 తిరిగివచ్చుచుండెను. ఇంట లేమనియో, మనసు మాఱెననియో కొన్నవారు చెప్పుదురు. కొరియరువాని పోవుకూలియు వచ్చుకూలియు మనమీదనే పడును. తిరిగివచ్చిన సీసాను మరల అమ్మరాదు, ఇంటివారే తినవలయును. కావున అమ్ముడైనవి 36, వచ్చిన సొమ్ము 16,200. ఖర్చు చూడుడు: సరకునకు 8,800, సీసాలకు, పెట్టెలకు 1,800, కొరియరునకు సీసాకు 110 చొప్పున 4,400, తిరిగివచ్చిన వానికి మఱియొక 440. మొత్తము 15,440. మిగిలినది 760. అందుండి ప్రకటనలకు 1,500, వెబ్‌సైటు ఏటి రుసుములో నెల వంతు 500 తీసివేయగా, లాభము మాట యటుండ నెలకు 1,240 రూపాయల నష్టము. ఇద్దఱాడువారు దినమునకు మూడేసి గంటలు, నెలకు ఇరువదియాఱు దినములు పనిచేయుచుండిరి. ఆ నూటయేబదియాఱు గంటలకు కూలి ఎందును వేయనేలేదు.

ఇది చూచియు అత్తగారు, “లక్షా ఇరువదివేలు పెట్టితిమిగదా బావగారూ, అది తిరిగి రావలదా?” అన్నది. ఇదియే ఆ బోరు రైతు మాట. పోయిన సొమ్ము అంగడి నడిపినను పోయినదే, మూసినను పోయినదే. త్రాసు రెండు తట్టలలోను సమముగానున్న రాయి తూకమును మార్చదు. ఇక మీదట వచ్చునదెంత, పోవునదెంత యనునదే తూచవలయును. పిండికొట్టు యంత్రమును అమ్మిన నాడు 25,000 వచ్చును. ఏడు గడచినకొలది ఆ వెల తగ్గును. తూకములో వేయదగినది ఆ 25,000 గాని, వెనుకటి లక్ష కాదు.

ఈ పొరపాటు పల్లెవారిదే యనుకొనకుడు. శబ్దముకంటె వేగముగ పోవు కాంకార్డు విమానమును నిర్మింప బ్రిటను, ఫ్రాన్సు ప్రభుత్వములు 1962లో ఒడంబడిక చేసికొనినవి. ఖర్చు అంచనాలను మీఱి పెరిగినది, కొనువారు వెనుకంజ వేసిరి. అయినను ఇంత పెట్టితిమిగదాయను తలంపు పనిని ముందునకే త్రోసినది. విమానము 1976లో ప్రయాణికులను ఎక్కించుకొన్నది, 2003లో విరమించినది. కట్టినవి ఇరువదియే, అందు ప్రయాణికులకు ఉపయోగపడినవి పదునాలుగు. నేడు పండితులు ఈ తరహా భ్రమకు కాంకార్డు పేరే పెట్టియున్నారు. అమెరికాలో ఆర్క్స్, బ్లూమర్ అను శాస్త్రజ్ఞులు 1985లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. ఏడాది నాటకములకు టిక్కెట్లు కొన్నవారిలో కొందఱికి చెప్పకయే వెల తగ్గించి యిచ్చిరి. నాటకములవే. కాని తొలి సగములో పూర్తి వెల యిచ్చినవారే ఎక్కువసార్లు వచ్చిరి. వారిని పీఠమునకు కట్టివేసినది ఇచ్చివేసిన డబ్బు.

కావున నేను వారినొకటే యడిగితిని. ఈ అంగడి నేడు మనకు లేదనుకొనుడు. ఇపుడెఱిగినదంతయు నెఱిగి, రేపు దీనిని క్రొత్తగా మొదలుపెట్టుదురా? ఇద్దఱును ఒకరి మొగమొకరు చూచుకొనిరి. పిదప కోడలు, “ఇట్లయితే పెట్టము. మార్చి చూచెదము” అన్నది. ఆ మాట న్యాయమైనది. నయము కాదగిన రోగమునకు మందీయక ఆశ వదలుట తగదు. అయితే మందునకు గడువుండవలెను. క్రొత్త మామిడికాయ కొనుటకు ముందే తేల్చుకొనవలెనని ఏప్రిలు నెలాఖరు గడువు పెట్టితిమి. ఆ లోపల క్రొత్త అప్పు ఒక రూపాయియు చేయరాదు. ఈ రెండు మాటలును గోడమీది క్యాలెండరుపై వ్రాయించితిని.

మొదటి మందు పెట్టె కొలత. కొరియరువారు బరువునే కాక, పెట్టె పొడవు వెడల్పు ఎత్తులను సెంటీమీటరులలో హెచ్చించి 5,000తో భాగించి, వచ్చిన కిలోలను బరువుతో పోల్చి, రెంటిలో ఎక్కువదానికి కూలి కట్టుదురు. మావారి పెట్టె 30, 20, 20. అనగా రెండు కిలోల నాలుగువందల గ్రాములు. సీసా అసలు బరువు కిలోన్నరయే! చిన్నపెట్టె వాడగా కూలి 110 నుండి 90కి దిగినది. రెండవ మందు, ముందుగా డబ్బు పంపినవారికే సరకు. తిరుగుటపాలు ఆగిపోయినవి, కాని కోరువారు 40 నుండి 22కు తగ్గిరి. ఫిబ్రవరి, మార్చి నెలలలో సీసాకు 95 చొప్పున 2,090 మిగిలి, ప్రకటనలు, వెబ్‌సైటు పోగా నెలకు చేతికి 90 రూపాయలు వచ్చినవి. నష్టము తీఱినదని ఇంట సంతోషించిరి. కాని దానికి వారు పెట్టిన గంటలు నూఱు. గంటకొక రూపాయియు పడలేదు.

ఏప్రిలులో ప్రకటనలు ఆపితిమి. కోరికలు తొమ్మిదికి దిగినవి. చిత్రమేమన, ఆ నెల మిగులు 355! 1,500 రూపాయల ప్రకటన అదనముగా తెచ్చుచుండినది 13 సీసాలు, వానిపై మిగులు 1,235 మాత్రమే. అంగడి కొన్నవారికొఱకుగాక ప్రకటనవారికొఱకు నడచుచుండినదని తేలినది. ఆ తొమ్మిదిమంది ఎవరని చూడగా అందఱును పాతవారే. ఫోనులో చెప్పి తెప్పించుకొనువారే. వారికి వెబ్‌సైటుతో పనిలేదు.

నెలాఖరున అంగడి మూసిరి. యంత్రమమ్మి గాజులు విడిపించిరి. తెలిసినవారికి మాత్రము ఏటికొకసారి, కాయ వచ్చిన కాలమున, ముందుగా డబ్బు పుచ్చుకొని ఆవకాయ పెట్టి పంపుచున్నారు. సాయంకాలములు ఆమె పిల్లవానిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని చదివించుచున్నది.

ప్రతి నష్టమునకును మూతయే మందని నేననుట లేదు. కొబ్బరిమొక్క నాటి రెండవయేట కాయ లేదని పెరికివేయరాదు. వరి నాలుగు నెలలలో ఈనకున్న మాత్రము మరల ఎరువు చల్లి లాభములేదు. ఏ వ్యాపారమునకు ఎంత గడువో మొదటనే అనుకొనవలెను. నెలనెలకు నష్టము తగ్గుచున్నను, ప్రకటన లేకయే పాతవారు మరల కోరుచు పెరుగుచున్నను, నష్టకారణము తెలిసి దిద్దదగినదైనను ఓపిక పట్టుడు. ఈ మూడును లేనిచోట ఓపిక యనునది అప్పునకు మాఱుపేరు.

మూయుటకును ఒక మర్యాద కలదు. డబ్బు పుచ్చుకొన్నవారికి సరకైనను సొమ్మైనను చేర్చవలెను. సీసాలవానికి, నూనెవానికి బాకీ నిలుపరాదు. బ్యాంకునుండి ఏటేట తనంతట తానే పోవు వెబ్‌సైటు రుసుములను, ప్రకటన రుసుములను ఆపించవలెను. లేకున్న అంగడి మూసినను ఖర్చు నడచుచుండును. వస్తుసేవల పన్ను క్రింద నమోదైనవారు అమ్మకము లేకున్నను రద్దగువఱకు లెక్కలు దాఖలు చేయవలెను. రద్దయిన మూడు నెలలలో తుది లెక్కయు ఇయ్యవలెను. కొన్నవారి చిరునామాలు, ఫోను సంఖ్యలు ఇతరులకు అమ్ముకొనుట తగదు.

ఇక ఆ పద్యమును గుఱించి. పద్యము తప్పు కాదు, దానిని నేను చదివిన చోటు తప్పు. అది విఘ్నమునకు వెఱచి విడుచువారిని గుఱించినది. విఘ్నము వేఱు, నష్టము వేఱు. విఘ్నము దారికి అడ్డుపడిన రాయి, దానిని తొలగింపవచ్చును. నష్టము ఆ దారి మనము కోరిన యూరికి పోదని చెప్పు గుర్తు. లెక్క చూచుకొని, గడువు పెట్టుకొని, బాకీలు తీర్చి విరమించినవాడు ఆరంభశూరుడు కాడు. పరువుకొఱకు గాజులు తాకట్టుపెట్టించినవాడు ధీరుడును కాడు.

మీ యింట ఏ కొడుకైనను, కోడలైనను “మానివేయుదుమా?” యని అడిగిన, ఆ ప్రశ్న నోటికి వచ్చుటకు ముందు వారెన్ని రాత్రులు దానిని మ్రింగుకొనిరో తలపుడు. పద్యము చదువుటకు ముందు, ప్రక్కన కూర్చుండబెట్టుకొని లెక్క అడుగుడు.