అక్షరం ఇస్తాను, మాట చెప్పండి

గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. అవధానాలు చేసే తిరుపతి వేంకట కవులు ఆ సంస్థానానికీ వచ్చారు, వనపర్తికీ వెళ్లారు. అవధానంలో న్యస్తాక్షరి ఉంటుంది: పృచ్ఛకుడు పద్యపాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలంటాడు, అవధాని అది ఇమిడే మాట వెతకాలి. అదీ ఛందస్సు తప్పకుండా!

ఇంగ్లిషులో ఇంత కష్టం లేదు గానీ, అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే స్క్రాబుల్ దీనికి దగ్గరి ఆట. బిళ్లలు 100. క్యూ అక్షరానికి 10 పాయింట్లు. పక్కన యు లేకపోతే చాలామంది చేతులెత్తేస్తారు. నిజానికి క్యూ, ఐ రెండూ కలిపితే చాలు, మాటే. చైనీయులు చెప్పే ప్రాణశక్తి పేరది. జడ్‌కూ 10 పాయింట్లే. జూ, జిప్ మూడేసి అక్షరాల మాటలు.

నాగర్‌కర్నూల్ పిల్లలూ, బడిలో ఇంగ్లిషు నిఘంటువు ఉంటే క్యూ పేజీలు తిరగేయండి. ఉండేవి కొన్నే.