బిడ్డ ఊపిరి ఆగితే గాలి సోకిందనుకోవద్దు
(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్కలు ఇంతకుముందే విన్నారు. మేము చెప్పేది 20 సెకన్ల లెక్క.

ఆళ్లగడ్డ దగ్గర ఒక ఊళ్లో మన సభ్యురాలికి మనవరాలు పుట్టింది. పేర్లు చెప్పం. బిడ్డ ఒళ్లు మెత్తగా ఉంది, కళ్లు పైకి ఏటవాలుగా ఉన్నాయి. డౌన్ సిండ్రోమ్ కావచ్చని డాక్టరమ్మ రక్తపరీక్షకు పంపింది. ఆరో రోజు బిడ్డ చూపు ఒక పక్కకు నిలబడిపోయింది. పెదాలు చప్పరించినట్టు కదిలాయి, ఊపిరి ఆగింది, మూతి నీలమైంది. కాసేపటికి మళ్లీ మామూలే. కాళ్లూ చేతులూ కొట్టుకోలేదు కాబట్టి ఫిట్స్ అని ఎవరికీ తోచలేదు. "గాలి సోకింది, దిష్టి తీయండి" అన్నారు. అన్నది పరాయివాళ్లు కాదు, చూడటానికి పోయిన మేమే. ఆ రాత్రి ఇంకో రెండుసార్లు వచ్చింది. ఏడో రోజు ఇంటికొచ్చిన ఆశా కార్యకర్త చూసి 108కు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో మెదడు పరీక్ష చేసి, అవి ఫిట్సే అన్నారు. మందులతో బిడ్డ కోలుకుంది. ఒక రాత్రి పోగొట్టింది మాత్రం మన మాటే.

మన ఒంట్లో ప్రతి కణంలో మామూలుగా 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. డౌన్ సిండ్రోమ్‌లో 21వది రెండు బదులు మూడు ఉంటుంది. ఈ సంగతి 1959లోనే ఫ్రాన్సు డాక్టర్లు బయటపెట్టారు. 18వది మూడుంటే ఎడ్వర్డ్స్ సిండ్రోమ్ అంటారు, అందులో ఊపిరి ఆగడం ఇంకా ఎక్కువ. ఇది గ్రహణం వల్ల రాదు, తల్లి తిన్నదాని వల్ల రాదు, ఎవరి పాపమూ కాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది, కానీ చిన్న వయసు తల్లులకూ ఇలాంటి బిడ్డలు పుడతారు. కోడలిని ఒక్క మాట కూడా అనొద్దు.

పసిబిడ్డల ఫిట్స్ పెద్దవాళ్లకు వచ్చినట్టు ఉండవు. కళ్లు తేలేయడం, నోరు చప్పరించడం, కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడించడం, ఒక్కోసారి ఉత్త ఊపిరి ఆగడమే ఫిట్స్ కావచ్చు. అట్లని ప్రతిదీ ఫిట్స్ కాదు. నిద్రలో ఐదారు సెకన్లు ఆగి, రంగు మారకుండా మళ్లీ తీసుకోవడం పసిబిడ్డల్లో మామూలే. రక్తంలో చక్కెర తగ్గినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, గుండెలో లోపమున్నా ఊపిరి ఆగొచ్చు. ఏదని తేల్చాల్సింది డాక్టరు.

మనం చేయాల్సింది ఇదీ. ఊపిరి 20 సెకన్లు ఆగినా, అంతకన్నా తక్కువే ఆగి మూతి నీలమైనా, ఒళ్లు వాలిపోయినా వెంటనే 108. అరికాలు మెల్లగా రుద్దండి. గడ్డం గుండె మీద పడకుండా తల తిన్నగా ఉంచండి. బిడ్డను వెచ్చగా కప్పండి. పక్కన ఇంకొకరుంటే సెల్‌లో వీడియో తీయమనండి, డాక్టరుకు అది చాలా పనికొస్తుంది. ఆ సమయంలో పాలు, నీళ్లు నోట్లో పోయొద్దు. పొగ వేయొద్దు, వాతలు పెట్టొద్దు. బిడ్డ తేరుకున్నా సరే, అదే రోజు చూపించండి.

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. ఏం జరిగిందో దాచకుండా చెప్పండి.

చివరగా ఒక మనవి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు దాదాపు 40 కిలోమీటర్లు. 108కు డబ్బు కట్టక్కర్లేదు గానీ, ఆసుపత్రిలో ఉండేవాళ్లకు తిండికీ తిరుగు దారికీ చేతిలో రూపాయి ఉండాలి. పసిబిడ్డ ప్రాణం మీదికొస్తే మీటింగు, తీర్మానం అని ఆగకుండా, ఇద్దరు లీడర్లు సంతకం పెట్టి సంఘం డబ్బు అప్పటికప్పుడు ఇచ్చే ఏర్పాటు ప్రతి సంఘమూ చేసుకోవాలి. లెక్కలు మర్నాడు రాసుకుందాం. ఆ రాత్రి మేము చేసిన తప్పు మీ ఊళ్లో జరగకూడదనే ఇదంతా చెప్పాం.