పడవకు బీమా: పత్రములో ఉన్నంతవఱకే హక్కు



కడలిని నమ్ముకొన్న కుటుంబమునకు పడవయే పొలము. అట్టి పడవ ఒక్క రాత్రిలో నశించినచో మిగులునది అప్పు మాత్రమే. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖపట్టణము చేపల రేవులో నిప్పంటుకొని, ప్రక్కప్రక్కనే కట్టియున్న మరపడవలు 30కి పైగా కాలిపోయినవి. బీమా లేని పడవలును అందున్నవి. పడవ విలువలో 80 శాతము పరిహారముగా నిత్తుమని ప్రభుత్వము ప్రకటించెను. అది దయ. దయను హక్కుగా అడుగుటకు వీలులేదు. బీమా సొమ్మును హక్కుగా అడుగవచ్చును. కాని ఆ హక్కు పత్రములో వ్రాసినంతవఱకే.

కావున పడవ నడిసముద్రములో నున్నప్పుడే కాక, రేవున కట్టియున్నప్పుడును బీమా వర్తించునా, అగ్ని, తుపాను, మునక, దొంగతనము ఇవన్నియు చేరినవా, వల, యంత్రము వీనికిని వర్తించునా అని మొదట విచారింపవలెను. అరుగుదలవలన గలిగిన నష్టమునకు సామాన్యముగా సొమ్ము రాదు.

ఈ విషయమున ముఖ్యమైన శాసనము 1963 నాటి సముద్ర బీమా చట్టము. దాని ప్రకారము బీమా అనునది పూర్ణవిశ్వాసముపై నిలిచిన ఒడంబడిక. పడవ వయస్సును గాని, మునుపు కలిగిన ప్రమాదమును గాని దాచినచో ఒడంబడికయే రద్దు కావచ్చును. పడవను అమ్మినంతమాత్రమున బీమా కొన్నవానికి సంక్రమింపదు. పత్రమును గూడ అతని పేరట మార్పించవలెను. పడవకు నష్టము కలిగినప్పుడు యజమాని చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. చేతనైనంతవఱకు నష్టమును తగ్గించుట అతని విధి.

విలువ తగ్గించి వ్రాయించినచో రుసుము తగ్గును, సొమ్మును తగ్గును. 10 లక్షల రూపాయల విలువగల పడవను 5 లక్షలకే బీమా చేయించి, 1 లక్ష రూపాయల నష్టము పొందినచో, చేతికి వచ్చునది 50 వేలు మాత్రమే. మిగిలిన సగమునకు యజమాని తనకు తానే పూచీదారుడు.

పడవ బీమా సరంగునకు, కళాసీలకు దానంతట అది వర్తింపదు. వారి ప్రాణములకు వేఱుగా రక్షణ కావలెను. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఏర్పడెను. అందు మరణమునకు గాని, శాశ్వతమైన పూర్ణ అంగవైకల్యమునకు గాని 5 లక్షలు, శాశ్వతమైన పాక్షిక వైకల్యమునకు 2 లక్షల 50 వేలు నిర్ణయింపబడెను. పడవకు బీమా కట్టిన యజమాని, కళాసీల పేర్లు ఇట్టి పథకములో చేరినవో లేదో తెలిసికొనుట ధర్మము.

నదులపై ప్రయాణికులను చేరవేయు లాంచీల సంగతి వేఱు. యంత్రముతో నడుచు అట్టి నౌకలకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము బీమాను విధించినది. ఇతరులకు కలుగు హానికి బాధ్యతయే అందు ప్రధానము.

పత్రమును పెట్టెలో దాచుటకు ముందు ఒకమారు చదివించుకొనుడు. గడువు తేదీని గోడపై వ్రాసికొనుడు. చదువు రానివారి పత్రమును చదువు వచ్చినవారు విప్పి చెప్పుటకు గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు. పడవ రేవులో క్షేమముగా నున్నప్పుడే ఆ పని జరుగవలెను.