వికారానికి వంటింటి వైద్యం - ఎంతవరకు?

(సంఘ వార్షిక సమావేశం సందర్భంగా మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాతో, "ఏదైనా ఆరోగ్య విషయం మాట్లాడండి ఆపా, మరీ పెద్ద విషయం వద్దు" అన్నారు. అందుచేత చిన్న విషయమే ఎంచుకున్నాను. కడుపులో తిప్పడం. ఇంట్లో మతలీ అంటాం. తెలుగులో వికారం అంటారు, కడుపులో దేవుతోందంటారు, గర్భిణీకి వస్తే వేవిళ్లంటారు. నేను డాక్టరమ్మను కాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషిని. చూసినదీ, చదివినదీ మనవి చేస్తాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1994 వేసవి. మా తమ్ముడి భార్యకు అప్పుడు రెండో నెల. మా ఇంట్లో ఆమెను ఇప్పటికీ దుల్హన్ అనే పిలుస్తాం. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది, సెలవు మీద ఇంటికొచ్చాను. దుల్హన్‌కు ఏం తిన్నా నిలవడం లేదు. మా అమ్మ, "వేవిళ్లు ఎవరికి రాలేదమ్మా, నేను ఆరుగురిని కన్నాను" అన్నది. నేనూ తలూపాను. అల్లం దంచి, రసం తీసి, తేనె కలిపి నేనే ఇచ్చాను. ఇచ్చిన పది నిమిషాలకు అదీ బయటికొచ్చేది. అయిదో రోజు పొద్దున ఆమె మంచం మీది నుంచి లేవబోయి కింద పడింది. అప్పుడు అడిగాను, మూత్రం ఎప్పుడు పోసుకున్నావమ్మా అని. నిన్న మధ్యాహ్నం అన్నది. ఆటోలో పట్నం తీసుకెళ్తే మూడు సెలైన్ సీసాలు ఎక్కించారు. అక్కడి డాక్టరు గారు, "ఇంట్లో చదువుకున్నవాళ్లెవరూ లేరా?" అని అడిగారు. నేను నర్సునని చెప్పలేదు. నోరు రాలేదు.

తల్లీబిడ్డా క్షేమం. దుల్హన్ ఈ హాల్లోనే ఉంది, ఆమెను అడిగే చెప్తున్నాను. అల్లం చెడ్డదని నేననడం లేదు. ఆ రోజు అల్లం చేయవలసిన పని వేరు, మేం దానికి అప్పజెప్పిన పని వేరు.

వేవిళ్లు పదిమంది గర్భిణుల్లో ఏడుగురికి వస్తాయి. చాలామందికి నాలుగు, అయిదు నెలలు వచ్చేసరికి తగ్గుతాయి. నూటికి ఒకరిద్దరికి మాత్రం మా దుల్హన్‌కు వచ్చినట్లు ముదురుతాయి. కొత్త కోడలు పని తప్పించుకోవడానికి నఖరాలు చేస్తోందని మన ఇళ్లల్లో అనని అత్తగారుంటే చేయెత్తండి. (నవ్వులు) 2023 డిసెంబరులో నేచర్ అనే సైన్సు పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కడుపులోని పిండం నుంచి, మాయ నుంచి జి.డి.ఎఫ్.15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంది. అది మెదడు అడుగుభాగంలో వాంతిని నడిపించే చోట పనిచేస్తుంది. గర్భానికి ముందు ఎవరి ఒంట్లో ఆ హార్మోను తక్కువగా ఉంటుందో, వారికి ఒక్కసారిగా పెరిగినప్పుడు వికారం ఎక్కువవుతుందట. కాబట్టి అది పిల్ల నాటకం కాదు, రక్తంలో ఉన్న సంగతి.

ఇక అల్లం సంగతి. మన నానీలు చెప్పింది ఉత్త మాట కాదు. 1982లో లాన్సెట్ పత్రికలో ఒక పరీక్ష వచ్చింది. ప్రయాణంలో కడుపు తిప్పే గుణమున్న 36 మంది విద్యార్థులను గిర్రున తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. శొంఠి పొడి వేసుకున్నవారు, ప్రయాణాల వాంతుల మాత్ర వేసుకున్నవారికంటే ఎక్కువసేపు తట్టుకున్నారు. తరువాత గర్భిణుల మీద చేసిన పరీక్షల్లోనూ వికారం కొంత తగ్గినట్లు తేలింది. వాంతులు మాత్రం అంతగా తగ్గలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. శొంఠి పొడి రోజు మొత్తానికి ఒక గ్రాము, అంటే అర టీ చెంచా, మూడు నాలుగు సార్లుగా పంచుకుని గోరువెచ్చని నీళ్లలో తీసుకోవచ్చు. మంచిదే కదా అని గుప్పెడు వేస్తే గుండెల్లో మంట. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా రోజూ వాడవద్దు.

జీలకర్ర నీళ్లు, సోంపు, ఏలక్కాయ నోటికి హాయిగా ఉంటాయి, నమిలితే తప్పులేదు. పుదీనా కూడా అంతే, కానీ పులితేన్పులున్నవారికి అది మంటను పెంచుతుంది. నిమ్మకాయ వాసన చూడడం వల్ల కొందరికి నిజంగా తేలికపడుతుంది. సుద్ద, బలపాలు, ముల్తానీ మట్టి తినే అలవాటును మాత్రం మీ పిల్లలకు తెలిస్తే కోప్పడకుండా ఆపండి. దాని వెనుక చాలాసార్లు రక్తహీనత ఉంటుంది.

అసలు మందు తిండి తినే పద్ధతిలో ఉంది. రాత్రే మంచం పక్కన రెండు రస్కులో, గుప్పెడు మరమరాలో పెట్టుకోండి. పొద్దున్నే కళ్లు తెరవగానే, లేవకముందే అవి తిని, పావుగంట పడుకొని, మెల్లగా లేవాలి. కడుపు పూర్తిగా ఖాళీ అయినా తిప్పుతుంది, పూర్తిగా నిండినా తిప్పుతుంది. రెండు గంటలకోసారి కొద్దిగా తినాలి. వేడి కూర వాసన గిట్టనివారికి చల్లారిన పెరుగన్నం గిట్టవచ్చు. ఉల్లిపాయలు వేగే వాసన పడదంటే, ఆ మూడు నెలలు పోపు ఇంకెవరైనా పెట్టండి. బావగారైనా సరే, మరిదైనా సరే.

నాలుగో నెల నుంచి ఇచ్చే ఇనుము మాత్రలతో కూడా కొందరికి వికారం వస్తుంది. చాలామంది ఎవరికీ చెప్పకుండా వాటిని బియ్యం డబ్బాలో దాచేస్తారు. అలా చేయవద్దు. రాత్రి భోజనమయ్యాక వేసుకుని పడుకుంటే చాలావరకు తెలియదు. టీతో వేసుకోవద్దు, ఇనుము ఒంటికి పట్టదు. అప్పటికీ పడకపోతే ఆశా కార్యకర్తతోనో, ఏఎన్ఎంతోనో చెప్పండి.

రోజాల నెలలో వాంతులవుతున్న గర్భిణి పట్టుదలగా ఉపవాసముండడం నేను వార్డులో చూశాను. అనారోగ్యం ఉన్నవారికి సడలింపు ఉందని ఇక్కడి పెద్దలకు నాకన్నా బాగా తెలుసు. ఆ మాట ఇంట్లో పెద్దావిడే ముందుగా అంటే ఆ పిల్లకు బరువు దిగుతుంది.

మందుల షాపులో అడిగి వేసుకోవచ్చు కదా అంటారు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర వచ్చింది. ఏ హానీ లేదని చెప్పి గర్భిణుల వికారానికి కూడా ఇచ్చారు. 1961 నవంబరులో అక్కడ దాన్ని వెనక్కి తీసుకునేసరికి, ఎన్నో దేశాల్లో కలిపి పదివేల మందికి పైగా పిల్లలు చేతులో కాళ్లో సరిగా లేకుండా పుట్టారు. ఈరోజు గర్భిణులకు నమ్మకంగా ఇవ్వగల మందులున్నాయి. బి6 విటమిన్, అవసరమైతే దానితో డాక్సిలమిన్. కానీ రాయవలసింది డాక్టరు, కౌంటరు దగ్గరి అబ్బాయి కాదు.

బస్సు ప్రయాణం గురించి రెండు మాటలు. అరకు ఘాటు రోడ్డు మీద చెవిలోపలి భాగం మనం కదులుతున్నామంటుంది, ఒళ్లో ఉన్న ఫోను చూసే కన్ను కదలడం లేదంటుంది. ఆ తగవులో కడుపు నలిగిపోతుంది. ముందు సీట్లో కూర్చోండి, దూరంగా రోడ్డు వైపు చూడండి, బయలుదేరేముందు పూరీలు వద్దు.

పిల్లలకు వాంతులైతే వికారం సంగతి తరువాత, ముందు నీరు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల మధ్య కలరా చెలరేగినప్పుడు, బనగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. మరణాలు నూటికి నాలుగు లోపునకు పడిపోయాయి. 2022లో ఆయన కన్నుమూశారు, మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు. ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఉంటే దానిమీద రాసినంత నీటిలోనే కలపండి. లేకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలగొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, ఒక్కొక్క చెంచాగా రెండు మూడు నిమిషాలకోసారి పట్టాలి. దాహంగా ఉందని గ్లాసెడు ఒక్కసారి తాగిస్తే మొత్తం కక్కేస్తారు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు. గొంతులో వేలు పెట్టి కక్కించవద్దు.

ఇక ఏవి కనిపిస్తే అల్లం, నిమ్మకాయ పక్కన పడేసి ఆసుపత్రికి వెళ్లాలో చెప్తాను. ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, లేదా చిక్కగా పచ్చగా రావడం. రోజంతా గుక్కెడు నీళ్లయినా నిలవకపోవడం. వాంతిలో రక్తం, ఆకుపచ్చ పసరు. విపరీతమైన కడుపునొప్పి. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం. తలకు దెబ్బ తగిలాక వాంతులు. బిడ్డ మత్తుగా పడిపోవడం. షుగరు ఉన్నవారికి ఆగని వాంతులు. ఇంకొకటి, దీన్ని ఆడవాళ్ల విషయంలో అందరూ గ్యాసు అనే అనుకుంటారు. నలభై దాటినవారికి చల్లటి చెమటలు పోసి, ఆయాసంతో, గుండెల్లో బరువుతో వికారం వస్తే అది గుండెపోటు కావచ్చు. సోడా తాగించి పడుకోబెట్టకండి, 108కి ఫోను చేయండి.

నేను లీటరు సీసా, టీ చెంచా, పంచదార, ఉప్పు తెచ్చాను. సభ అయ్యాక టీ ఇచ్చే బల్ల దగ్గర కలిపి చూపిస్తాను. దుల్హన్ కూడా అక్కడే ఉంటుంది, అడగదలచుకున్నవాళ్లు ఆమెనే అడగండి. సెలవు.